దస్తూరి ఎవరిది? అందింది ఎప్పుడు? అమెరికా స్వాతంత్ర్య యుద్ధపు ఉత్తరాలు: అపోహలు - వాస్తవాలు

అమెరికా స్వాతంత్ర్య యుద్ధం నాటి సేనానులు రాసుకున్న ఉత్తరాలను చదివి, అక్షరం పొల్లుపోకుండా టైపు చేసి, వివరణలు రాయడం నా పని. కొత్త కాగితం ముందుకు రాగానే నేను విషయంలోకి వెళ్లను. ముందు దస్తూరి ఎవరిదో చూస్తాను. తర్వాత వెనక్కి తిప్పి, ఎప్పుడు అందిందో ఎవరైనా రాసి ఉంచారేమో చూస్తాను. ఈ రెండూ వదిలేసి ఒక్క వాక్యం పట్టుకుని "ఫలానా జనరల్ ఇలా అన్నాడు" అని చెప్పుకోవడం వల్లే కింది అపోహల్లో చాలావరకు పుట్టాయి.

అపోహ: వాషింగ్టన్ సంతకం ఉంటే ఉత్తరమంతా ఆయన చేత్తో రాసిందే.

వాస్తవం: అమెరికా సేనకు అధిపతి అయిన జార్జ్ వాషింగ్టన్ యుద్ధకాలంలో పంపిన చాలా ఉత్తరాలకు చిత్తుప్రతులు ఆయన సహాయక అధికారులు రాశారు. రాబర్ట్ హ్యారిసన్, టెంచ్ టిల్గ్‌మన్, 1777 మార్చిలో చేరిన అలెగ్జాండర్ హామిల్టన్ వాళ్లలో ముఖ్యులు. ఆయన సారాంశం చెప్పేవాడు, వీళ్లు రాసేవాళ్లు, ఆయన దిద్ది సంతకం పెట్టేవాడు. ఆయనకు ఫ్రెంచి రాదు కాబట్టి ఫ్రెంచి సేనానులతో వ్యవహారం కూడా వీళ్ల మీదే నడిచేది. జర్మన్‌టౌన్ యుద్ధం అయిన రెండో రోజు, 1777 అక్టోబర్ 6న, తప్పిపోయి తమవైపు వచ్చిన బ్రిటిష్ జనరల్ హౌ కుక్కను వెనక్కి పంపుతూ రాసిన చిన్న ఉత్తరం చాలామందికి తెలుసు. దాని చిత్తుప్రతి హామిల్టన్ దస్తూరిలో ఉంది. అంతమాత్రాన అది వాషింగ్టన్ మాట కాకుండా పోదు. కానీ అందులోని ఒక పదాన్ని పట్టుకుని ఆయన మనసును విశ్లేషించేటప్పుడు మాత్రం ఆ పదం ఎవరి కలం నుంచి వచ్చిందో అడగాలి.

అపోహ: పాత పుస్తకంలో అచ్చయింది కాబట్టి నమ్మొచ్చు.

వాస్తవం: 1777లో లండన్‌లో వాషింగ్టన్ ఉత్తరాలంటూ ఒక చిన్న పుస్తకం వచ్చింది. స్వాతంత్ర్యం మీద ఆయనకే నమ్మకం లేనట్టు చూపించే ఉత్తరాలవి. న్యూజెర్సీలోని ఫోర్ట్ లీ కోట దగ్గర ఆయన సేవకుడు బిల్లీ పట్టుబడినప్పుడు సామానులో దొరికాయని కథ అల్లారు. నిజానికి ఆయన దగ్గర బానిసగా ఉన్న బిల్లీ లీ యుద్ధంలో ఎన్నడూ శత్రువులకు చిక్కలేదు. ఆ ఉత్తరాలన్నీ నకిలీవే. ఇరవై ఏళ్ల తర్వాత రాజకీయ ప్రత్యర్థులు వాటినే మళ్లీ బయటకు తీశారు. దాంతో అధ్యక్ష పదవి దిగే ముందు రోజు, 1797 మార్చి 3న, అవి తనవి కావని ఆయన రాతపూర్వకంగా ప్రకటించాల్సి వచ్చింది.

నకిలీలు ఒక బాధ అయితే, అసలు ఉత్తరాలను "బాగుచేయడం" ఇంకో బాధ. 1830లలో చరిత్రకారుడు జారెడ్ స్పార్క్స్ వాషింగ్టన్ రచనలను 12 సంపుటాలుగా అచ్చువేశాడు. చాలా శ్రమపడి చేసిన పని, దాని విలువ దానికుంది. అయితే తన సేనాని పట్నంను వాషింగ్టన్ చనువుగా "ఓల్డ్ పుట్" (ముసలి పుట్) అని రాసిన చోట స్పార్క్స్ "జనరల్ పట్నం" అని మార్చాడు. పంపిన డబ్బు తమ అవసరాల ముందు చిన్న పురుగు కుట్టినంత అని వాషింగ్టన్ రాస్తే, "పూర్తిగా చాలదు" అని దిద్దాడు. చిరాకుపడే మనిషి పోయి విగ్రహం మిగిలింది. ఈ పనిలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

అపోహ: "జనరల్" అని రాయలేదని ఉత్తరం తిప్పి పంపడం వాషింగ్టన్ అహంకారం.

వాస్తవం: 1776 జులైలో హౌ సోదరులు (బ్రిటిష్ సేనాని జనరల్ హౌ, నౌకాదళాధిపతి అయిన ఆయన అన్న) పంపిన ఉత్తరం మీద "జార్జ్ వాషింగ్టన్, ఎస్క్వైర్" అని ఉంది. అంటే ఊళ్లో ఒక పెద్దమనిషికి రాసినట్టు. వాషింగ్టన్ తరఫున వెళ్లిన అధికారి జోసెఫ్ రీడ్ దాన్ని తీసుకోలేదు. తర్వాత పేరు పక్కన "వగైరా వగైరా" చేర్చి తెచ్చారు, అదీ చెల్లలేదు. దీని వెనక ఏడాది నాటి సంగతి ఉంది. 1775 ఆగస్టులో, పట్టుబడ్డ తమ అధికారులను బోస్టన్‌లో మామూలు నేరస్థులతో కలిపి ఉంచారని వాషింగ్టన్ ఫిర్యాదు చేస్తే, రాజు ఇవ్వని హోదా ఏదీ తాను గుర్తించనని అక్కడి బ్రిటిష్ సేనాధిపతి జనరల్ గేజ్ జవాబు రాశాడు. హోదా లేకపోతే సైన్యం లేదు. సైన్యం లేకపోతే పట్టుబడ్డవాళ్లు యుద్ధఖైదీలు కారు, తిరుగుబాటుదారులు. కవరు మీది ఒక్క మాటకు వందల మంది ప్రాణాలు ముడిపడి ఉన్నాయి.

అపోహ: లండన్‌లో మంత్రి సొరుగులో మరచిపోయిన ఒక ఉత్తరం వల్ల బ్రిటన్ సరటోగాలో ఓడిపోయింది.

వాస్తవం: కథ ఇలా చెబుతారు: కెనడా నుంచి సైన్యంతో దిగివస్తున్న బ్రిటిష్ జనరల్ బర్గోయిన్‌ను కలుసుకోమని హౌకు పంపాల్సిన ఆజ్ఞ, మంత్రి జెర్మెయిన్ తొందరగా ఊరికి వెళ్లిపోవడం వల్ల ఆగిపోయింది, పాపం హౌకు ఏమీ తెలియదు. ఇందులో కొంత నిజం ఉంది. హౌకు అలాంటి సూటి ఆజ్ఞ వెళ్లలేదు. కానీ హౌకు తెలియదన్నది తప్పు. కెనడా గవర్నర్ కార్ల్‌టన్‌కు మార్చి 26న రాసిన ఆదేశాల నకలు హౌకు అందింది. అంతా తెలిసే ఆయన జులై 17న బర్గోయిన్‌కు తాను పెన్సిల్వేనియాకు వెళ్లబోతున్నానని రాశాడు. వారంలోపే ఓడ ఎక్కాడు.

అసలు గుండె ఝల్లుమనేది ఇంకో ఉత్తరం. పెన్సిల్వేనియాలోని ఫిలడెల్ఫియా మీదికి హౌ వెళ్లడానికి ఒప్పుకుంటూ, అది ముగించుకుని కెనడా సైన్యానికి సకాలంలో తోడ్పడతారని ఆశిస్తున్నట్టు జెర్మెయిన్ మే 18న రాశాడు. హౌకు అది ఆగస్టు 16న అందింది. సరిగ్గా 90 రోజులు. అప్పటికి ఆయన చెసపీక్ అఖాతంలో, నౌకల్లో సైన్యంతో ఉన్నాడు. వెనక్కి తిరగడానికి వీల్లేదు. అక్టోబర్ 17న సరటోగాలో బర్గోయిన్ లొంగిపోయాడు. తప్పు సొరుగుది కాదు. మూడు వేల మైళ్ల సముద్రం అవతల నుంచి యుద్ధం నడపొచ్చనుకోవడమే తప్పు.

అపోహ: బోలు వెండి తుపాకీ గుండులో ఉత్తరం దాచడం కట్టుకథ.

వాస్తవం: నిజంగానే జరిగింది. 1777 అక్టోబర్‌లో న్యూయార్క్‌లోని బ్రిటిష్ జనరల్ క్లింటన్ నుంచి బర్గోయిన్‌కు ఉత్తరం తీసుకెళ్తున్న డేనియల్ టేలర్ పట్టుబడగానే గుండు మింగేశాడు. వాంతి మందు పట్టించి కక్కించారు. తర్వాత ఉరితీశారు.

అపోహ: 1781లో బ్రిటిష్‌వాళ్లకు చిక్కిన ఉత్తరాలు వాషింగ్టన్ పన్నిన వల.

వాస్తవం: మే నెలలో వెదర్స్‌ఫీల్డ్ అనే ఊళ్లో వాషింగ్టన్, ఫ్రెంచి సేనాధిపతి రోషాంబో కలిసి బ్రిటిష్‌వాళ్ల చేతిలో ఉన్న న్యూయార్క్ మీద దాడి చేయాలని అనుకున్నారు. ఆ సంగతి చెబుతూ తన దగ్గర పనిచేస్తున్న ఫ్రెంచి సేనాని లఫాయెట్‌కు మే 31న వాషింగ్టన్ రాసిన ఉత్తరం దారిలో శత్రువులకు చిక్కింది. క్లింటన్ కంగారుపడి, వర్జీనియాలో ఉన్న బ్రిటిష్ జనరల్ కారన్‌వాలిస్‌ను సైన్యం పంపమని జూన్ 11న అడిగాడు. తర్వాత మాటలు మారాయి, ఉత్తరాలు ఒకదాన్నొకటి దాటుకుంటూ వెళ్లాయి, చివరకు కారన్‌వాలిస్ వర్జీనియాలోని యార్క్‌టౌన్‌లో దిగబడి, లొంగిపోవాల్సి వచ్చింది. 1783లో క్లింటన్, కారన్‌వాలిస్ ఇద్దరూ తమ ఉత్తరాలను అచ్చువేసి మరీ ఒకరినొకరు నిందించుకున్నారు. మన పాఠాల్లో శాశ్వత శిస్తు పద్ధతితో కనిపించే కారన్‌వాలిస్ ఈయనే. 1792లో టిప్పుతో ఈయన చేయించిన సంధి వల్లే కడప, గండికోట నిజాం చేతికి వెళ్లాయి.

ఇంతకీ ఆ చిక్కిన ఉత్తరం వల కాదు. అప్పటికి ఉన్న నిజమైన పథకమే అందులో ఉంది. ఫ్రెంచి నౌకాదళం వర్జీనియా పక్కనున్న చెసపీక్ అఖాతానికి వస్తోందని ఆగస్టు 14న తెలిశాకే పథకం మారింది. న్యూజెర్సీలో రొట్టెల పొయ్యిలు కట్టించి న్యూయార్క్ ముట్టడికి సిద్ధమవుతున్నట్టు నమ్మించింది ఆ తర్వాతే. మరి అపోహ ఎక్కడి నుంచి వచ్చింది? చాలావరకు వాషింగ్టన్ నుంచే. న్యూయార్క్ మాట మొదటి నుంచీ శత్రువును మోసగించడానికేనన్నట్టు ఆయన 1788 జులైలో నిఘంటుకర్తగా పేరుపొందిన నోవా వెబ్‌స్టర్‌కు రాశాడు. ఆయన అబద్ధమాడాడని నేను అనను. గెలిచాక జ్ఞాపకం వరసగా సర్దుకుంటుంది. కానీ న్యూయార్క్ ఆలోచన వదులుకోవలసి వచ్చిందని 1781 ఆగస్టు 14న ఆయన డైరీలోనే రాసుకున్నాడు. అందుకే నా వివరణలో ముందు ఆ డైరీ ఉంటుంది. ఏడేళ్ల తర్వాతి ఉత్తరం దాని కింద, తేదీతో సహా ఉంటుంది.