ప్రోగ్రాముకు నిజంగా ఏ లైబ్రరీలు కావాలి? సీమేక్ విషయంలో అపోహలు - వాస్తవాలు

భీమవరం పరిసరాల రొయ్యల చెరువుల్లో నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను, అంటే రైతులు డీఓ అని పిలిచేదాన్ని, సెన్సర్ నుంచి చదివి, అది తగ్గగానే ఫోనుకు హెచ్చరిక పంపే ప్రోగ్రాములు రాయడం నా పని. డీఓ బాగా పడిపోయేది తెల్లవారుజామునే కనుక, ఆ వేళ ప్రోగ్రాము నడవకపోతే ఏరేటర్లు వేయాలన్న సంగతి రైతుకు తెలియదు. నా ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచిన ప్రోగ్రాము ఒకసారి చెరువు గట్టు మీది షెడ్డులో ఉన్న లైనక్స్ కంప్యూటర్‌లో, లిబ్‌మోడ్‌బస్.ఎస్‌ఓ.5 అనే లైబ్రరీ (ప్రోగ్రాములు వాడుకునే సిద్ధమైన కోడ్ ఫైలు) దొరకలేదంటూ మొదట్లోనే ఆగిపోయింది. ఆ ప్రోగ్రామును తయారుచేసి ఇన్‌స్టాల్ చేయడానికి నేను వాడే సాధనమే సీమేక్.

అపోహ: సీమేక్ ఫైలులో టార్గెట్ లింక్ లైబ్రరీస్ అనే కమాండ్ కింద రాసినవే ప్రోగ్రాముకు కావలసినవి.

వాస్తవం: అది మనం లింకర్‌కు, అంటే కోడ్ ముక్కలను కలిపి ప్రోగ్రాముగా చేసే సాధనానికి, అందించిన జాబితా మాత్రమే. స్టాటిక్ లైబ్రరీ కోడ్ ప్రోగ్రాములోనే కలిసిపోతుంది. యాజ్-నీడెడ్ ఆప్షన్ ఉంటే, వాడని షేర్డ్ లైబ్రరీ (ప్రోగ్రాము నడిచేటప్పుడు విడిగా తెచ్చుకునేది) పేరును లింకర్ వదిలేస్తుంది. మనం పేరైనా ఎత్తని లైబ్రరీలు మాత్రం, మనం వాడినవాటి అవసరాలుగా వెంట వస్తాయి. మన డెల్టాలో ప్రధాన కాలువ నీరు పిల్లకాలువకు, అక్కడి నుంచి పంటబోదెకు చేరినట్లే, ఒక్కో లైబ్రరీ వెనుక మరికొన్ని ఉంటాయి. ఫైలు లోపలి వివరాలు చూపే ఆబ్జ్‌డంప్‌కు పి ఆప్షన్ ఇస్తే కనిపించే నీడెడ్ వరుసలు (ఆ ఫైలుకు కావలసిన లైబ్రరీల పేర్లు) మొదటి మెట్టునే చూపిస్తాయి. చివరిదాకా వెళ్లడానికి సీమేక్ 3.16లో ఫైల్ కమాండ్‌కు గెట్ రన్‌టైమ్ డిపెండెన్సీస్ అనే రూపం వచ్చింది. ఇది లైనక్స్‌లో ఆబ్జ్‌డంప్ సాయంతోనే ఒక్కో ఫైలునూ చదువుతూ, ఫైలులోనే రాసి ఉండే ఆర్‌పాత్, రన్‌పాత్ దారుల్లో, సిస్టమ్ సాధనమైన ఎల్‌డీకాన్ఫిగ్ చూపే డైరెక్టరీల్లో వెతికి, దొరికినవాటిని ఒక జాబితాగా, దొరకనివాటిని మరొక జాబితాగా ఇస్తుంది. దొరకనివాటికి వేరియబుల్ ఇవ్వకపోతే తప్పు చూపి ఆగిపోతుంది. ఇన్‌స్టాల్ వేళ అలా ఆగడమే మేలని నా అభిప్రాయం.

అపోహ: గెట్ రన్‌టైమ్ డిపెండెన్సీస్‌ను, సీమేక్ తయారీకి ఏర్పాట్లు చేసే కాన్ఫిగర్ దశలోనే నడపవచ్చు.

వాస్తవం: అప్పటికి ప్రోగ్రాము ఇంకా తయారుకాదు. ఇన్‌స్టాల్ దశలో నడిచే కోడ్‌లోనే దీన్ని రాయాలి.

అపోహ: లైబ్రరీల జాబితా చూపే ఎల్‌డీడీ ఉండగా వేరే సాధనం అనవసరం.

వాస్తవం: కొన్ని సందర్భాల్లో ఎల్‌డీడీ ఆ ప్రోగ్రామునే నడిపే ప్రమాదం ఉంది. అందువల్ల నమ్మకం లేని ఫైలు మీద దాన్ని వాడవద్దని దాని మాన్యువల్ పేజీయే హెచ్చరిస్తుంది.

అపోహ: గెట్ రన్‌టైమ్ డిపెండెన్సీస్ ఇచ్చే జాబితాలో లేనిది ప్రోగ్రాముకు అక్కర్లేదు.

వాస్తవం: ప్రోగ్రాము నడుస్తుండగా డీఎల్‌ఓపెన్ అనే ఫంక్షన్‌తో తెరిచే ప్లగిన్లు ఏ నీడెడ్ వరుసలోనూ ఉండవు. వాటి దారులను ఆ కమాండ్‌లోని మాడ్యూల్స్ కింద మనమే ఇవ్వాలి.

అపోహ: దొరికిన ప్రతి లైబ్రరీనీ ప్రోగ్రాము పక్కన కాపీ చేస్తే సరిపోతుంది.

వాస్తవం: సీ భాష మూల లైబ్రరీ అయిన లిబ్‌సీ వంటివి ప్రోగ్రాము నడిచే కంప్యూటర్‌లోని లోడర్‌తో (ప్రోగ్రాము మొదలయ్యేటప్పుడు లైబ్రరీలను వెతికి తెచ్చేది) పొసగాలి కనుక వాటిని ఎక్స్‌క్లూడ్ నియమాలతో తప్పించాలి. పైగా లైనక్స్ లోడర్, ప్రోగ్రాము ఉన్న డైరెక్టరీలో తనంతట తాను వెతకదు. ఆ షెడ్డులో లిబ్‌మోడ్‌బస్‌ను పక్కనే పెట్టినా అదే సందేశం మళ్లీ వచ్చింది ఇందుకే. ఇన్‌స్టాల్ ఆర్‌పాత్‌లో డాలర్ గుర్తుతో ఆరిజిన్ అని రాసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసిన తరువాతనే లోడర్ ఆ ఫైలును అందుకుంది, డీఓ అంకె తెరమీదకు వచ్చింది.