డౌన్ దిగబోయే పిల్లలకు ఒక పాత రైలు డ్రైవరు ఉత్తరం

విశాఖపట్నం

చిరంజీవులైన మా మనవరాలికి, మనవడికి, వాళ్ళతో పాటు మన కాలనీలో స్కేట్‌బోర్డు పట్టిన పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

పోయిన ఆదివారం మీరు నలుగురూ కట్టగట్టుకొని వచ్చి, కైలాసగిరి ఘాట్ రోడ్డు మీద బోర్డుతో దిగుతామని, ఇంట్లో వాళ్ళను నేనే ఒప్పించాలని అడిగారు. అప్పటికప్పుడు కాదంటే మీరు చిన్నబుచ్చుకుంటారు, అవునంటే మీ అమ్మానాన్నలు నా ముఖం చూడరు, అందుకని ఉత్తరం రాస్తానని తప్పించుకున్నాను. నా జవాబు వద్దు అనే. అయితే ఎందుకు వద్దంటున్నానో, దానికి ముందు మీ చేతికీ కాలికీ ఏమేమి రావాలో వివరంగా రాస్తున్నాను గనుక విసుక్కోకుండా చదవండి.

నేను రైలు ఇంజన్లు నడిపి రిటైరైన మనిషినని మీకు తెలుసు. నా ఉద్యోగంలో ఎక్కువ కాలం కొత్తవలస, కిరండూల్ లైనులోనే గడిచింది. బైలదిల్లా గనుల నుంచి ఇనుప ఖనిజం నింపుకొని వచ్చే బండి, 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడ దాటిన తరువాత, బొర్రా, కరకవలస, చిమిడిపల్లి, త్యాడ మీదుగా సొరంగాలు దూరుకుంటూ శృంగవరపుకోట వైపు మైదానంలోకి దిగుతుంది. ఆ బండి కొండ ఎక్కుతుంటే చూసేవాళ్ళకు ఇంజను బలం కనిపిస్తుంది గాని, డ్రైవరుకు చెమట పట్టేది దిగేటప్పుడే. ఘాట్ దిగే ముందు బ్రేకులు పరీక్షించుకోవడం మాకు స్నానం చేసి అన్నం తినడం లాంటి అలవాటు. వేగం పెరిగాక తగ్గించడం కాకుండా, అసలు పెరగకుండా మొదటి నుంచీ పట్టి ఉంచడమే అక్కడి విద్య. మీ బోర్డుకు ఇంజను లేదు, బ్రేకు కూడా లేదు. ఉన్నదల్లా కొండ, మీ ఒళ్ళు, నాలుగు చక్రాలు.

మీ వయసులో మేమూ దిగేవాళ్ళం. మన ఊళ్ళో ఏటవాలు రోడ్డును డౌన్ అనడం ఉందిగా, కె.జి.హెచ్. డౌన్ అన్నట్టు. కె.జి.హెచ్. అంటే మన పెద్దాసుపత్రే. అలాంటి ఒక డౌన్ మీద, లారీ షెడ్డులో పారేసిన బేరింగులు మూడు తెచ్చి, పెట్టె చెక్కకు బిగించి, బేరింగు బండి చేసుకొని దిగేవాళ్ళం. ఆ ఇనుప చక్రం రోడ్డును పట్టుకోదు, గులకరాయి అడ్డొస్తే ఆగిపోతుంది, మేము మాత్రం ఆగం. బ్రేకు అంటే మా మడమే. నా కుడి మోచేతి మీద ఉన్న మచ్చ ఎలా వచ్చిందని మీరు ఎన్నోసార్లు అడిగారు, నేను ఎన్నోసార్లు మాట మార్చాను. అది బేరింగు బండి మచ్చ. స్కేట్‌బోర్డుకు కూడా మొదట్లో ఇనుప చక్రాలు, మట్టి మిశ్రమంతో చేసిన చక్రాలే ఉండేవి. 1970లలో అమెరికాలో ఫ్రాంక్ నాస్‌వర్దీ అనే ఆయన యురేథేన్ అనే ఒక రకం ప్లాస్టిక్ చక్రాలను ప్రచారంలోకి తెచ్చాక ఈ ఆట స్వరూపమే మారింది. ఆ చక్రం రోడ్డును రబ్బరులా పట్టుకుంటుంది, కావాలనుకున్నప్పుడు పట్టు వదిలించి జార్చనూ వచ్చు. మీరు నేర్చుకోవలసిన స్లైడ్, అంటే బోర్డును అడ్డం తిప్పి జారుస్తూ వేగం తగ్గించే పద్ధతి, అంతా ఈ పట్టుకోవడానికీ వదలడానికీ మధ్యనే ఉంది.

ముందు ఒక చిన్న లెక్క చెబుతాను. ఏటవాలు రోడ్డు మీద ఎంత దూరం దొర్లారన్నది కాదు, నిలువుగా ఎంత ఎత్తు దిగారన్నదే వేగాన్ని నిర్ణయిస్తుంది. గాలినీ రాపిడినీ పక్కన పెడితే, ఒక మీటరు ఎత్తు దిగేసరికి గంటకు 16 కిలోమీటర్ల వేగం వస్తుంది. రెండు మీటర్లకు సుమారు 22, ఐదు మీటర్లకు సుమారు 36. గంటకు 36 కిలోమీటర్లంటే సెకనుకు పది మీటర్లు, అంటే అడ్డంగా వచ్చిన కుక్కను చూసి మీరు అయ్యో అనుకునేలోపే పది మీటర్లు పోయి ఉంటారు. నిజానికి గాలీ చక్రాల రాపిడీ ఇందులో కొంత తినేస్తాయి, అయినా ఐదు మీటర్లు దిగి పడిపోవడమంటే ఒకటిన్నర అంతస్తు మేడ మీద నుంచి దూకిన వేగంతో పడడమే, కాకపోతే పక్కకు పడతారు. ఇందులోనే మీకు పనికొచ్చే మాట ఇంకొకటి ఉంది. దిగిన ఎత్తు రెట్టింపైతే చదును నేల మీద ఆగడానికి కావలసిన దూరం కూడా రెట్టింపవుతుంది. ఒక మీటరు దిగి నాలుగు మీటర్లలో ఆగగలిగినవాడికి, రెండు మీటర్లు దిగితే ఎనిమిది మీటర్లు కావాలి. అదే ఏటవాలు మీదే ఆగాలంటే ఇంకా ఎక్కువ కావాలి, ఎందుకంటే మీరు బ్రేకు వేస్తున్నంతసేపూ కొండ కిందికి లాగుతూనే ఉంటుంది.

అందువల్ల కొండను పై నుంచి కిందికి కాకుండా కింద నుంచి పైకి నేర్చుకోవాలి. ఏటవాలు ముగిసి చదునైన చోట మొదలుపెట్టి, నాలుగడుగులు పైకి ఎక్కి సుద్దముక్కతో గీత గీయండి. ఆ గీత దగ్గర నుంచి వదిలి, కింద మీరు అనుకున్న చోట పదిసార్లకు పదిసార్లూ ఆగగలిగితే, గీతను ఇంకో నాలుగడుగులు పైకి జరపండి. తొమ్మిదిసార్లు ఆగి పదోసారి ఆగకపోతే గీత అక్కడే ఉంటుంది. రైల్వేలో ఘాట్ సెక్షన్లలో క్యాచ్ సైడింగ్ అని ఒకటి ఉంటుంది. అదుపు తప్పిన బండిని మెయిన్ లైను నుంచి తప్పించి ఎదురెత్తు ఉన్న పక్క పట్టా మీదికి మళ్ళించి ఆపడానికి దానిని కట్టారు. మీరు ఎంచుకునే రోడ్డుకు కూడా అలాంటిది ఉండాలి, అంటే కింద పొడవైన చదునో, చిన్న ఎదురెత్తో ఉండాలి. కింద జంక్షన్ ఉన్న డౌన్ ఎంత నున్నగా ఉన్నా మనది కాదు. కైలాసగిరి, సింహాచలం ఘాట్ రోడ్ల మీద మలుపు అవతల బస్సు ఉందో ఆటో ఉందో తెలియదు గనుక అవీ మనవి కావు. వాహనాలు ఆపేసే వేళ చూసి పొద్దున్నే బీచ్ రోడ్డులో ప్రయత్నిద్దామన్నది మీలో ఒకరి ఆలోచన. అక్కడ నడకకు వచ్చిన నా వయసు వాళ్ళ మోకాళ్ళ సంగతి కూడా ఆలోచించండి.

మొదటి బ్రేకు కాలు. స్లైడ్ చూడడానికి బాగుంటుంది కాబట్టి అందరూ నేరుగా దాని దగ్గరికే పోతారు, కాని అడుగున్నర వెడల్పు సందులో కూడా పనిచేసేది కాలి బ్రేకే. ముందు పాదాన్ని బోర్డు పొడవునా ఎదురుగా ఉండేలా తిప్పి, ఒంటి బరువంతా ఆ కాలి మీద ఆన్చి, మోకాలు బాగా వంచి, వెనక పాదాన్ని బోర్డు పక్కన రోడ్డుకు తగిలీ తగలనట్టు దించాలి. అరికాలంతా సమంగా తగలాలి. మడమ ముందు తగిలితే కాలు వెనక్కి విసిరేస్తుంది. ముందు తేలిగ్గా రాసి, తరువాత నెమ్మదిగా నొక్కుతూ పోవాలి. ఖనిజం బండికి కూడా బ్రేకు ఒక్కసారిగా వేయరు, కొంచెం కొంచెంగా పెంచుతారు. చదును నేల మీద ఒంటికాలి మీద ముప్పై మీటర్లు దొర్లగలిగితేనే ఈ బ్రేకు మీకు వచ్చినట్టు. రోడ్డు వెడల్పుగా ఉంటే ఈ చివర నుంచి ఆ చివరకు పాములా మెలికలు తిరుగుతూ దిగడం, నిటారుగా నిలబడి చేతులు బార చాపి గాలికి ఎదురొడ్డడం కూడా వేగాన్ని తగ్గిస్తాయి. అవి మీకు సగం వచ్చు కాబట్టి వాటి గురించి ఎక్కువ రాయను.

ఇక స్లైడ్. చెయ్యి నేలకు ఆన్చి చేసే ఈ పద్ధతిని 1970లలో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ కొండల్లో దిగే క్లిఫ్ కోల్‌మన్ రూపొందించాడు, అందుకే దీనిని కోల్‌మన్ స్లైడ్ అంటారు. ఎడమకాలు ముందు పెట్టేవాళ్ళ కోసం రాస్తున్నాను, కుడికాలు ముందు పెట్టేవాళ్ళు కుడిఎడమలు తారుమారు చేసుకోండి. ముందుగా బోర్డు మీద బాగా కిందికి గొంతుకూర్చోవాలి, వెనక మోకాలిని ముందు పాదం వైపు లోపలికి వంచి పెట్టాలి, బరువు ముందుకాలి మీద కాస్త ఎక్కువ ఉండాలి. బోర్డును ముందు కుడి వైపు, అంటే కాలివేళ్ళ వైపు కొంచెం మళ్ళించి చోటు చేసుకొని, వెంటనే ఎడమ వైపు, అంటే మడమల వైపు గట్టిగా తిప్పాలి. ఆ తిరుగుడులోనే ఎడమ అరచేతిని వెనక వైపు రోడ్డుకు ఆన్చి, తలను దిగే వైపుకు తిప్పి, కుడి చేతిని కూడా అదే వైపుకు ఊపుతూ మడమలతో బోర్డును ముందుకు నెట్టాలి. అప్పుడు బోర్డు రోడ్డుకు అడ్డంగా తిరుగుతుంది, చక్రాలు దొర్లడం మాని పక్కకు జారతాయి, మీ ముఖం దిగే వైపుకు ఉంటుంది, కొబ్బరి కోరినట్టు ఒక చప్పుడు వస్తుంది. పూర్తిగా ఆగాలంటే అడ్డంగానే పట్టి ఉంచాలి. వేగం తగ్గితే చాలనుకుంటే కుడి చేతిని వెనక్కి ఊపితే బోర్డు తిరిగి దారిలోకి వస్తుంది.

రాసినంత సులువుగా రాదు. మా మనవరాలికి మొదటి నెలంతా రాలేదు. నేను కింద కుర్చీ వేసుకొని చూసేవాణ్ణి కాబట్టి, ఎక్కడ తప్పుతోందో నాకు ఆమె కంటే ముందే తెలిసిపోయేది. భయమేసినప్పుడు బరువంతా చేతి మీద వేసేది; అప్పుడు బోర్డు ముందుకు పారిపోయి తను రోడ్డు మీద కూలబడేది. చెయ్యి మూడో కాలు మాత్రమే, దాని మీద కూర్చోకూడదు. ఇది చిన్న తప్పు, ప్యాంటుతో పోతుంది. పెద్ద తప్పు బోర్డును సగం తిప్పి ఆపేయడం. పూర్తిగా అడ్డం తిరగని చక్రం జారుతూ జారుతూ ఒక్కసారిగా రోడ్డును మళ్ళీ పట్టుకుంటుంది, బోర్డు ఆగిపోతుంది, మీరు మాత్రం దాని మీదుగా దిగే వైపుకు ఎగిరిపడతారు. అందుకని తిప్పదలిస్తే పూర్తిగా తిప్పండి, సందేహం ఉంటే అసలు తిప్పకుండా కాలి బ్రేకు వేయండి. మరీ నెమ్మదిగా పోతున్నప్పుడు కూడా చక్రం పట్టు వదలదు గనుక, తొలి పాఠానికి సైకిల్ మామూలుగా పోయేంత వేగం కావాలి. అంతకు ముందు ఒక వారం రోజులు వరండాలో ఆగి ఉన్న బోర్డు మీదే కూర్చోవడం, చెయ్యి ఆన్చడం, తల తిప్పడం అలవాటు చేసుకోండి. గచ్చు మీద గీతలు పడ్డాయని మీ అమ్మమ్మ అంటే ఆ మాట నేను పడతాను.

చక్రం విషయంలో రైలుకూ మీకూ ఒక పోలిక, ఒక తేడా ఉన్నాయి. బ్రేకు బిగుసుకొని రైలు చక్రం తిరగకుండా పట్టా మీద జారితే ఒకచోట అరిగి చదునవుతుంది, తరువాత తిరిగినంతసేపూ టకటక కొడుతుంది. మీ చక్రమూ అంతే, జారేటప్పుడు అసలు దొర్లకుండా ఒకే చోట రాసుకుంటే అక్కడ చదునవుతుంది. అలా అయిన చక్రాన్ని మార్చండి. తేడా ఇసుకలో ఉంది. పట్టా మీద చక్రం జారుతుంటే మేము ఇంజనులోని పెట్టెలో నుంచి ఇసుక వదిలి పట్టు తెచ్చుకునేవాళ్ళం. మీకు ఇసుక శత్రువు, రేణువుల మీద చక్రం గోళీల మీద పోయినట్టు పోతుంది. మనది సముద్రపు ఊరు, గాలి వాటంగా ఉన్న రోడ్ల మీద ఇసుక ఎప్పుడూ ఉంటుంది. వాన వెలిశాక కొండ పక్క రోడ్ల మీదికి ఎర్రమట్టి కొట్టుకొస్తుంది. దిగబోయే రోడ్డును ముందు నడిచి చూసి, చీపురు తీసుకెళ్ళి ఊడవండి. తడిసిన రోడ్డు మీద జారుడు ఆగదు కాబట్టి వాన రోజు సెలవే.

వేగంలో బోర్డు కుడిఎడమలకు వణకడం మొదలైతే చాలామంది నిటారుగా లేచి బిగుసుకుపోతారు. రైలు చక్రాలకు కూడా ఇలాంటి ఊగులాట ఉంది, దానిని హంటింగ్ అంటాం. మీకు అది వస్తే బరువు ముందుకాలి మీదికి తెచ్చి, మోకాళ్ళు వదులు చేసి, నెమ్మదిగా వేగం తగ్గించండి. అంతకన్నా మంచిది, వణుకు వచ్చిన గీతను సుద్దతో గుర్తుపెట్టుకొని కొన్నాళ్ళు దాని కిందే ఉండడం. 2017లో కెనడాలో పీటర్ కానలీ అనే ఆయన స్కేట్‌బోర్డు మీద గంటకు 146.73 కిలోమీటర్ల వేగంతో దిగి రికార్డు సృష్టించాడని మీరే నాకు చూపించారు. అది మా ఖనిజం బండికి కూడా అక్కర్లేని వేగం.

ఒంటి మీద వేసుకునేవాటిలో బేరం వద్దు. హెల్మెట్ లోపల ఏ.ఎస్.టి.ఎం. ఎఫ్ 1492 అనో, ఇ.ఎన్. 1078 అనో భద్రతా ప్రమాణం ముద్ర ఉందేమో చూడండి. గడ్డం కూడా కప్పేదైతే మరీ మంచిది. క్రికెట్ హెల్మెట్ బంతి కోసం చేసినది, రోడ్డు కోసం కాదు. లోపల గట్టి థర్మోకోల్ లాంటి పొర ఉన్న హెల్మెట్ ఒకసారి గట్టి దెబ్బ తింటే, పైకి గీత కూడా కనిపించకపోయినా దాని పని అయిపోయినట్టే. స్లైడ్‌లో చెయ్యి రోడ్డుకు ఆన్చడానికి వేసుకునే స్లైడ్ గ్లోవ్స్ ఖరీదని బెంగపడకండి. పూర్ణా మార్కెట్ దగ్గర హార్డ్‌వేర్ కొట్టులో వెల్డింగు పనివాళ్ళ తోలు గ్లోవ్స్ దొరుకుతాయి, వంటింట్లో కూరలు తరిగే మందపాటి ప్లాస్టిక్ బోర్డును అరచేయి అంత గుండ్రంగా హ్యాక్‌సా బ్లేడుతో కోసి, అంచులు నున్నగా రుద్ది, వెల్‌క్రోతో అంటిస్తే సరిపోతుంది. ఆ కోత పని నేను చేసి పెడతాను. మోకాలి ప్యాడ్లు, మోచేతి ప్యాడ్లు, చదునైన రబ్బరు అడుగున్న బూట్లు ఎలాగూ ఉండాలి; చెప్పులతో వచ్చినవాళ్ళు ఆ రోజు చీపురు పట్టుకుంటారు.

వచ్చే ఆదివారం ఉదయం ఆరు గంటలకు మధురవాడ అవతల ఇంకా ఇళ్ళు కట్టని కొత్త లేఅవుట్‌లోకి పోదాం. యజమానిని నేను అడిగాను, ఒప్పుకున్నాడు. అక్కడి తారు రోడ్డుకు కింద మంచి చదును ఉంది, నేను కొలిచి వచ్చాను. కింద నేను నిలబడతాను, నా పాత ఎర్రజెండా, పచ్చజెండా రెండూ అలమారాలోనే ఉన్నాయి. పచ్చజెండా కనబడే దాకా ఎవరూ బోర్డు మీద కాలు పెట్టకూడదు, ఎర్రజెండా కనిపిస్తే ఎక్కడున్నవాళ్ళు అక్కడే ఆగాలి. ట్రక్కుల నట్లు, అంటే బోర్డు అడుగున చక్రాల ఇరుసులను పట్టి ఉంచే భాగాల నట్లు, చక్రాల నట్లు శనివారం రాత్రే బిగించుకొని రండి. స్పానరు నా దగ్గర ఉంది గాని, దిగే ముందు అడిగితే ఇవ్వను.

ఆశీస్సులతో,
మీ తాతయ్య