పాట లోపలి చీటీ

చిరంజీవులకు ఆశీస్సులు.

మీ ఫోన్లలో పాటల జాబితా తెరిస్తే సగం "ట్రాక్ 01", "అన్‌నోన్ ఆర్టిస్ట్" అని ఉంటాయి. మిగతా సగంలో పాడినవాళ్ల పేరు ఉండాల్సిన చోట ఏదో వెబ్‌సైట్ పేరు ఉంటుంది. పాత క్యాసెట్ల నుంచి కంప్యూటర్లోకి ఎక్కించిన పాటల సంగతి మరీ అన్యాయం, వాటికి అంకెలు తప్ప పేర్లే ఉండవు. వాటికి పేర్లు, బొమ్మలు పెట్టడం ఎలాగో రాస్తున్నాను.

ఫైలు పేరు మార్చేస్తే పోదా అంటారేమో. పోదు. ఫైలు పేరు జాడీకి బయట కట్టిన చీటీ. ఫోన్లో ప్లేయరు దాన్ని పెద్దగా పట్టించుకోదు, ఫైలు లోపల ఉండే ఇంకో చీటీ చదువుతుంది. దాన్నే ట్యాగు అంటాం. ఎంపీ3 పాటల్లో ఈ ట్యాగుల పద్ధతి పేరు ఐడీ3. 1996లో మొదట వచ్చినప్పుడు అది ఫైలు చివర 128 బైట్ల ముక్క మాత్రమే. పాట పేరుకు 30, పాడినవాళ్లకు 30, ఆల్బమ్‌కు 30 బైట్లు, అదీ ఇంగ్లీషు అక్షరాలకే. 1998లో వచ్చిన రెండో రకం ఫైలు మొదట్లో కూర్చుంటుంది. ఎంత పొడుగు పేరైనా, బొమ్మైనా పడుతుంది. అందులో 2.3 అనే కూర్పును కొత్తా పాతా ప్లేయర్లన్నీ దాదాపుగా చదువుతాయి. మీరు అదే వాడండి.

పని మొదలుపెట్టే ముందు ఫోల్డర్‌ను ఇంకోచోట కాపీ చేసుకోండి. ఇది చాదస్తం కాదు. ట్యాగు ఫైలు మొదట్లో ఉంటుంది కనుక, పెద్ద బొమ్మ ఎక్కిస్తే చోటు చాలక ఫైలు మొత్తం మళ్లీ రాయాల్సి వస్తుంది. ఆ మధ్యలో పెన్‌డ్రైవ్ లాగేస్తే పాటే పోతుంది. నేరుగా పెన్‌డ్రైవ్ మీద కాకుండా కంప్యూటర్లోనే పని ముగించి, తర్వాత ఎక్కించండి. ట్యాగు రాస్తే పాట నాణ్యత తగ్గుతుందన్న భయం మాత్రం అక్కర్లేదు, శబ్దాన్ని అది ముట్టుకోదు.

విండోస్ ఉంటే ఎంపీ3ట్యాగ్ అనే ఉచిత ప్రోగ్రాం చాలు. లైనక్స్ అయినా మ్యాక్ అయినా కిడ్3 ఉంది, అదీ ఉచితమే. పాట విని దానంతటదే పేర్లు పెట్టే ప్రోగ్రాములూ ఉన్నాయి కానీ, మన పాత తెలుగు పాటల దగ్గర వాటిని గుడ్డిగా నమ్మకండి. చేత్తో పెట్టిందే మేలు.

ఒక్క సినిమా తీసుకుని చూద్దాం, మాయాబజార్. పది పాటలు ఒక ఫోల్డర్లో ఉన్నాయనుకోండి. ఎంపీ3ట్యాగ్‌లో ఆ ఫోల్డర్ తెరిచి, కంట్రోల్, ఎ నొక్కి అన్నీ ఎంచుకోండి. ఎడమవైపు గళ్లు కనిపిస్తాయి. పాటపాటకూ వేరుగా ఉన్న గడిలో "కీప్" అని ఉంటుంది, అంటే ఉన్నది ఉన్నట్టే ఉంచుతాను అని. దాన్ని ముట్టుకోకండి. అన్నీ ఎంచుకుని ఉండగా టైటిల్ గడిలో ఒక పాట పేరు కొట్టి సేవ్ చేశారంటే పదింటికీ అదే పేరు పడుతుంది. అందరూ ఒక్కసారైనా చేసే తప్పు ఇది. వెంటనే కంట్రోల్, జెడ్ నొక్కితే వెనక్కి వస్తుంది.

అన్నిటికీ ఉమ్మడిగా ఉండేవి మాత్రమే ఇప్పుడు నింపండి. ఆల్బమ్: మాయాబజార్. సంవత్సరం: 1957. ఈ సినిమా 2010లో రంగుల్లో మళ్లీ విడుదలైంది, ఆ ఏడాది రాస్తే పాట వయసు యాభై మూడేళ్లు తగ్గిపోతుంది. ఇక అసలు గడి ఆల్బమ్ ఆర్టిస్ట్. దీన్ని ఖాళీగా వదిలేసేవాళ్లే ఎక్కువ, గొడవంతా వచ్చేదీ ఇక్కడే. "లాహిరి లాహిరి" పాడింది ఘంటసాల, పి. లీల. "వివాహ భోజనంబు" పాడింది మాధవపెద్ది సత్యం. ఆర్టిస్ట్ గడిలో ఎవరి పేరు వాళ్లకు రాయడం న్యాయమే. కానీ ఆల్బమ్ ఆర్టిస్ట్ ఖాళీగా ఉంటే చాలా ప్లేయర్లు గాయకులు మారిన ప్రతిచోటా వేరే ఆల్బమ్ అనుకుంటాయి. ఒక్క సినిమా అయిదారు మాయాబజార్లుగా చీలిపోతుంది. పదింటికీ ఆల్బమ్ ఆర్టిస్ట్ "ఘంటసాల" అని పెట్టండి, అన్నీ ఒక గూటికి చేరతాయి. మన సినిమా పాటలకు అక్కడ సంగీత దర్శకుడి పేరు పెట్టడమే సబబు అని నా అభిప్రాయం. ఇందులో కొన్ని వరసలు సాలూరి రాజేశ్వరరావు కట్టినవి, ఆ పాటలకు కంపోజర్ గడిలో ఆయన పేరు రాస్తే సరిపోతుంది, ఆల్బమ్ చీలదు. రచయిత గడిలో పింగళి నాగేంద్రరావు. ఈ గడి ఎడమవైపు కనబడకపోతే పాట మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌టెండెడ్ ట్యాగ్స్‌లో చేర్చుకోవచ్చు.

తర్వాత ఒక్కో పాటా ఎంచుకుని టైటిల్, ఆర్టిస్ట్ నింపండి. వరస సంఖ్యలకు కంట్రోల్, కె. జాబితా ఎలా కనిపిస్తే అదే వరసలో అంకెలు పడతాయి, కాబట్టి ముందు వరస సరిచూసుకోండి. కంట్రోల్, ఎస్ నొక్కి దాచండి.

కీర్తనలకు లెక్క కొంచెం మారుతుంది. వాగ్గేయకారుడు కంపోజర్ గడిలోకి, పాడినవాళ్లు ఆర్టిస్ట్ గడిలోకి వెళ్లాలి. త్యాగరాజును ఆర్టిస్ట్‌గా రాస్తే ఎవరు పాడిందో తెలియకుండా పోతుంది. రాగానికి వేరే గడి ఉండదు, టైటిల్ చివర చేర్చండి, "ఎందరో మహానుభావులు - శ్రీరాగం" అని.

ఇప్పుడు తెలుగు లిపితో వచ్చే చిక్కులు. ప్లేయరు పేర్లను మనలా చదవదు, అక్షరం పక్కన అక్షరం పెట్టి పోలుస్తుంది. ఒక పాటలో "ఘంటసాల", ఇంకోదాంట్లో "ఘంటశాల", మూడోదాంట్లో ఇంగ్లీషులో ఉంటే దానికి ముగ్గురు గాయకులు. కంటికి కనబడని తేడాలు ఇంకా చేటు. పేరు చివర ఒక ఖాళీ జాగా ఉన్నా వేరే ఆల్బమే. "మాయాబజార్" అన్న మాట చివర పొల్లు ఉంది చూడండి, కొన్ని కీబోర్డులు ఆ పొల్లు తర్వాత కనబడని గుర్తొకటి చేరుస్తాయి, కొన్ని చేర్చవు. చూడ్డానికి రెండూ అచ్చం ఒకటే, ప్లేయరుకు మాత్రం రెండు సినిమాలు. మందు ఒక్కటే: పేరు ఒక్కసారి కొట్టి, అన్ని పాటలూ ఎంచుకుని ఒకేసారి నింపడం. ఒక్కోదానికీ విడిగా టైపు చేయకండి.

తెలుగు బదులు ప్రశ్నార్థకాలు కనిపిస్తే, తెలుగు పట్టని పాత పద్ధతిలో రాశారన్నమాట. అవి ఇక తిరిగి రావు, మళ్లీ కొట్టాల్సిందే. అలాకాక నెత్తిన గీత ఉన్న చిన్న ఇంగ్లీషు "ఎ", దాని పక్కన డిగ్రీల సున్న పదే పదే కనిపిస్తే భయపడకండి, పేరు పోలేదు. అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి ఒకటుంది, యూటీఎఫ్-8 అని, అందులో ప్రతి తెలుగు అక్షరమూ మూడు బైట్లు, మొదటి బైటు అన్నిటికీ ఒకటే, రెండోది రెండు రకాలే. ప్లేయరు ఆ మూడింటినీ మూడు ఇంగ్లీషు అక్షరాలుగా చదువుతోంది, అందుకే ఆ జంట అలా తిరిగి తిరిగి వస్తుంది. ఎంపీ3ట్యాగ్ సెట్టింగుల్లో ఎంపెగ్ దగ్గర 2.3, యూటీఎఫ్-16 ఎంచుకుని ఉంటే కొత్తగా రాసేవాటికి ఈ రెండు బాధలూ ఉండవు.

ఇక బొమ్మ. చదరంగా, 600 చుక్కల వెడల్పు, 600 ఎత్తు, జేపెగ్ రకం, వంద నుంచి రెండు వందల కిలోబైట్లలోపు. ఇంతకంటే పెద్దది ఫోన్ తెరకు దండగ. లెక్క చూడండి: సెకనుకు 128 కిలోబిట్ల లెక్కన నాలుగు నిమిషాల పాట 4 మెగాబైట్లు కూడా ఉండదు. దానికి 3 మెగాబైట్ల బొమ్మ అంటిస్తే మీసాల కంటే సంపెంగ నూనె ఖర్చు ఎక్కువైనట్టు. పైగా బొమ్మ ప్రతి పాటలోనూ విడిగా కూర్చుంటుంది, పది పాటలకు 30 మెగాబైట్లు.

సీడీ అట్ట 12 సెంటీమీటర్లు, 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున, స్కాన్ చేస్తే 1,400 చుక్కలు దాటుతుంది, తగ్గించుకుంటే చాలు. క్యాసెట్ అట్ట నిలువుగా ఉంటుంది, అటూఇటూ సాగదీసి చదరం చేయకండి, మొహాలు ఉబ్బిపోతాయి. బొమ్మ ఉన్న భాగం కత్తిరించండి, లేదా రెండు పక్కలా అట్ట రంగే నింపండి. పాత అచ్చు బొమ్మలు స్కాన్ చేస్తే అలలు అలలుగా చారలు పడతాయి, 600 డీపీఐలో తీసి తర్వాత చిన్నది చేస్తే చాలావరకు పోతాయి. సేవ్ చేసేటప్పుడు "ప్రోగ్రెసివ్" అన్నచోట టిక్కు తీసేయండి. అలాంటి జేపెగ్‌ను కొన్ని పాత ప్లేయర్లు చూపించలేవు, బొమ్మ ఉందనే అవి గుర్తించవు.

ఎక్కించడం తేలిక. అన్ని పాటలూ ఎంచుకుని, ఎడమ గళ్ల అడుగున ఉన్న చదరంలోకి బొమ్మను లాగి వదలండి. అందులో ముందే ఏ వెబ్‌సైట్ ప్రకటనో ఉంటే దాన్ని తీసేశాకే పెట్టండి, లేకపోతే రెండూ ఉండి కొన్ని ప్లేయర్లు ఆ ప్రకటననే చూపిస్తాయి. కామెంట్ గడి కూడా ఖాళీ చేయండి, వెబ్‌సైట్ పేర్లు అక్కడా దాక్కుంటాయి. ఇంత చేసినా ఫోన్లో పాత బొమ్మే వస్తే తప్పు మీది కాదు, ఫోన్ ముందు దాచుకున్న బొమ్మ చూపిస్తోంది. ప్లేయరులో మళ్లీ స్కాన్ చేయమనండి.

కారు కోసం వేరే కాపీ చేసుకోండి. చాలా కారు స్టీరియోలలో తెలుగు ఫాంటు ఉండదు, అక్షరానికో డబ్బా గీస్తాయి. ఆ కాపీలో పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, ఫైలు పేరు ముందు రెండంకెల వరస సంఖ్య, 01, 02 అని. సున్న వదిలేస్తే 1 తర్వాత 10 పాడి, ఆ తర్వాతే 2కు వస్తుంది. ఫైలు పేర్లు చేత్తో మార్చక్కర్లేదు, ఆల్ట్, 1 నొక్కితే ట్యాగులోంచి ఫైలు పేరు తయారవుతుంది. పేరులో ప్రశ్నార్థకం, ఏటవాలు గీటు (/), కోలన్ ఉంటే విండోస్ ఫైలు పేరులో ఒప్పుకోదు. ట్యాగులో మాత్రం నిక్షేపంగా ఉంచుకోవచ్చు.

క్యాసెట్ల నుంచి ఎక్కించినవి వేవ్ రకం ఫైళ్లయితే వాటిలో ట్యాగులు సరిగా నిలవవు. ముందు వాటిని ఫ్లాక్ అనే రకం ఫైళ్లలోకి మార్చండి, నాణ్యత తగ్గదు. అప్పుడు పేర్లు పెట్టండి.

ఇట్లు,
మీ తాతయ్య