వెల్లకిలా తిప్పితేనే పేరు చెప్పే ఎండ్రకాయ

నల్లగొండ పక్కన పానగల్లు ఉదయసముద్రం కింద నాట్లు మొదలయ్యాయంటే రైతుకు ఎండ్రకాయ (పీత) బొక్కలతో టెన్షన్ మొదలైనట్టే. రాత్రికి రాత్రే ఒడ్డు తొలుస్తుంది, తెల్లారేసరికి మన మడిలో నీళ్లు పక్క మడిలో ఉంటాయి. మా చిన్నమ్మ ఆ బొక్కను మట్టితో కూరే ముందు ఎండ్రకాయను పట్టి, వెల్లకిలా తిప్పి, "ఇది ఆడది" అనేది. కడుపు కింద ముడుచుకున్న పట్టీ వెడల్పుగా, గుండ్రంగా ఉంటే ఆడది. చివరికి పోను పోను సన్నబడితే మగది. ఆడదాని పట్టీ కింద పిల్లలు కనబడితే కూరకు తెచ్చేది కాదు, కాలువలో వదిలేసేది.

జంతుశాస్త్రవేత్తలు ఏ జాతో తేల్చడానికీ ఇలాగే తిప్పి చూస్తారు. చిన్నమ్మ పట్టీని చూసి ఆగేది, వాళ్లు దాన్ని ఎత్తి చూస్తారు. మగదానికి అక్కడ రెండు జతల చిన్న అవయవాలుంటాయి. మొదటి జత సన్నని గొట్టంలా ఉంటుంది, జత కట్టేటప్పుడు అదే పనికొస్తుంది. ఆ గొట్టం ఎటు వంగింది, చివరి కణుపు ఎంత పొడవు, కొన సూదిగా ఉందా మొద్దుగా ఉందా అన్నవి భూతద్దం కింద చూసి బొమ్మ గీసుకుంటారు. ఇంత చిన్న అవయవం మీద అంత నమ్మకం ఎందుకంటే, పైచిప్ప మోసం చేస్తుంది. ఒకే రకం బురదలో బతికే వేర్వేరు జాతుల చిప్పలు ఒకేలా కనబడతాయి. రంగునైతే అసలే నమ్మలేం: వయసుతో మారుతుంది, పొర విడిచాక మారుతుంది, స్పిరిట్ సీసాలో వెలిసిపోతుంది. అందుకే పిల్ల ఎండ్రకాయో, ఒంటరి ఆడదో మాత్రమే దొరికితే చేయి తిరిగినవాళ్లు కూడా పేరు చెప్పడానికి వెనకాడతారు.

కుటుంబం ఏదో తెలియాలంటే నోటి దగ్గర చూడాలి. దవడకుండే చిన్న స్పర్శాంగం కొన రెండు పాయలైతే గెకార్సినూసిడే కుటుంబం. మన దక్కన్ మంచినీటి పీతలు ఇందులోవే.

దక్షిణ భారత వరిమళ్ల పీతల్లో ఒకదానికి 1798లో డెన్మార్క్ జంతుశాస్త్రవేత్త ఫాబ్రిసియస్ 'కాన్సర్ సెనెక్స్' అని పేరు పెట్టాడు. లాటిన్‌లో సెనెక్స్ అంటే ముసలివాడు. అప్పట్లో రకరకాల పీతలను కాన్సర్ అనే ఒక్క ప్రజాతిలోనే (దగ్గరి జాతుల గుంపు) వేసేవారు. తర్వాత దాన్ని 'ఓజియోటెల్ఫూసా' ప్రజాతికి మార్చారు. అందుకే ఇప్పుడు ఫాబ్రిసియస్ పేరు బ్రాకెట్లలో కనబడుతుంది. మొదట పేరు పెట్టినవాడు ఇతనే, ప్రజాతి మాత్రం తర్వాత మారిందని ఆ బ్రాకెట్ల అర్థం. ఈ చిన్న పద్ధతి నాకు చాలా ఇష్టం. 2005లో బహీర్, యో అనే ఇద్దరు పరిశోధకులు ఈ ప్రజాతిని మళ్లీ మొదటినుంచి పరిశీలిస్తే ఒకేసారి ఎనిమిది కొత్త జాతులు తేలాయి.

ఇన్ని జాతులు ఎలా పుట్టాయో చిన్నమ్మ వదిలేసిన ఆ తల్లే చెబుతుంది. సముద్రపు పీత గుడ్లు లక్షల్లో పెడుతుంది, ఆ పిల్లలు నీటిలో తేలే డింభకాలుగా ఎంతో దూరం కొట్టుకుపోతాయి. మంచినీటి పీతకు ఆ దశే లేదు. పెద్ద పెద్ద గుడ్లు కొన్నే పెడుతుంది, వాటినుంచి నేరుగా బుల్లి ఎండ్రకాయలు వస్తాయి, కొన్నాళ్లు తల్లి కడుపునే పట్టుకుని ఉంటాయి. దూరం పోలేని జీవం కాబట్టి ఒక వాగులోది గుట్ట అవతలి వాగులోదానితో కలవక, చాలా కాలానికి వేరే జాతిగా మారవచ్చు. ప్రపంచంలో 1,300కు పైగా మంచినీటి పీత జాతులున్నాయి. 2009లో వెలువడిన ప్రపంచ స్థాయి అంచనాలో దాదాపు సగం జాతులు అంతరించే ముప్పులో ఉన్నాయో లేదో చెప్పడానికి తగిన సమాచారమే దొరకలేదు.

కాబట్టి అమ్రాబాద్ అడవి వాగులో దొరికినదాన్ని పానగల్లు మడిలోదానితో కలిపి ఒకే పేరు రాయడం తొందరపాటు. ఇప్పుడు కాలి కండ చిన్న ముక్క తీసి డీఎన్ఏ కూడా పోల్చవచ్చు. అయితే ఆ ముక్క ఫార్మలిన్‌లో కాక ఆల్కహాల్‌లో ఉండాలి, సీసాలో చీటీ ఉండాలి. చీటీని పెన్సిల్‌తో రాస్తారు, పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోవచ్చు. పానగల్లు, వరిమడి ఒడ్డు బొక్క, మగది, తేదీ, పట్టినవారు. ఆ చివరి గీత దగ్గర మా చిన్నమ్మ పేరు రాయాలని నా కోరిక.