అంబు బ్యాగ్ నుంచి మొదలైన చదువు: పిల్లల ఐసీయూ ఫెలోలకు ఏం నేర్పుతున్నాం, ఎక్కడ నేర్పుతున్నాం

నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా హైదరాబాద్‌కు వంద కిలోమీటర్లు. మహబూబ్‌నగర్ నుంచీ దాదాపు అంతే. ఊపిరి అందని పిల్లను రెఫర్ చేస్తే ఆ దారంతా ఎవరో ఒకరు అంబు బ్యాగ్, అంటే చేత్తో నొక్కి ఊపిరి అందించే రబ్బరు సంచి, నొక్కుతూనే ఉండాలి. పిల్లల ఐసీయూ చదువంతా ఆ బ్యాగ్ దగ్గరే మొదలైంది కాబట్టి నేనూ అక్కణ్నుంచే చెప్తాను.

1952లో కోపెన్‌హాగెన్‌లో పోలియో విరుచుకుపడింది. బ్లెగ్‌డామ్ ఆస్పత్రిలో ఊపిరి ఆడక అప్పటికున్న శ్వాస మెషీన్ల మీద పెట్టిన మొదటి 31 మందిలో 27 మంది చనిపోయారు. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టర్ పన్నెండేళ్ల అమ్మాయికి గొంతు దగ్గర రంధ్రం పెట్టించి, గొట్టం వేసి, చేత్తో బ్యాగ్ నొక్కి బతికించాడు. ఆ తర్వాత దాదాపు 1500 మంది విద్యార్థులు షిఫ్టుల వారీగా రాత్రీ పగలూ రోగుల పక్కన కూర్చుని బ్యాగ్‌లు నొక్కారు. చదివి నేర్చుకునే టైమ్ ఎక్కడిది, పిల్లాడి ఛాతీ లేస్తోందా లేదా చూస్తూ నేర్చుకున్నారు. దానంతటదే ఉబ్బే అంబు బ్యాగ్ 1956లో అదే డెన్మార్క్‌లో తయారైంది.

పిల్లలకంటూ విడిగా ఐసీయూ 1955లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో వచ్చింది, అమెరికాలో 1967లో ఫిలడెల్ఫియాలో. అక్కడ ఈ సబ్జెక్టుకు మొదటి బోర్డు పరీక్ష మాత్రం 1987లో జరిగింది, అంటే ఇరవై ఏళ్లపాటు పక్కనున్న సీనియర్‌ను చూసి నేర్చుకోవడమే. మన దగ్గర ఈ ఐసీయూలు 1990ల నుంచి పెరిగాయి. మొదట ఏడాది, రెండేళ్ల ఫెలోషిప్‌లు, ఇప్పుడు ఎండీ తర్వాత చదివే మూడేళ్ల సూపర్ స్పెషాలిటీ కోర్సులు డీఎం, డీఆర్‌ఎన్‌బీ.

కొత్త ఫెలో అంటే ఎండీ పీడియాట్రిక్స్ ముగించి వచ్చిన డాక్టరే, కానీ మొదటి నెల నైట్ డ్యూటీలో ఆ ఎండీ ఎటు పోయిందో అర్థం కాదు. నాకు బాగా గుర్తున్న టెన్షన్ ఒకటి చెప్తాను. పక్కపక్క బెడ్ల మీద ఇద్దరు పిల్లలు, ఇద్దరికీ చేతులు మంచులా చల్లగా ఉన్నాయి, ఇద్దరికీ నాడి పరుగెడుతోంది. ఒకరికి డెంగీ షాక్, సెలైన్ లెక్కగా ఎక్కించాలి. రెండో పిల్లాడిని చేను గట్టు మీద తేలు కుట్టింది, ఒళ్లంతా చెమట, వాడికి సెలైన్ ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. వాడికి కావాల్సింది ప్రజోసిన్ మాత్ర. దాని విలువను 1980ల్లో చూపించింది మహారాష్ట్రలో మహాడ్ అనే చిన్న ఊళ్లో పనిచేసే డాక్టర్ బావస్కర్, పెద్ద సిటీ ఆస్పత్రి కాదు. 2011లో ఆఫ్రికాలో 3141 మంది పిల్లల మీద జరిగిన ఫీస్ట్ అధ్యయనం కూడా జ్వరంతో షాక్‌లో ఉన్న పిల్లలకు గబగబా సెలైన్ ఎక్కిస్తే మరణాలు పెరుగుతాయని తేల్చింది. పుస్తకంలో ఉన్న బోలస్‌ను, అంటే ఒక్కసారిగా గబగబా ఎక్కించే సెలైన్‌ను, కళ్లు మూసుకుని ఇవ్వకూడదని మా తరం నేర్చుకున్నది దాని తర్వాతే.

విదేశాల్లో కొత్త ఫెలోలను మొదటి వారాల్లోనే ఒకచోట చేర్చి, బొమ్మల మీద గొట్టం వేయడం, టీమ్‌ను నడిపించడం ప్రాక్టీస్ చేయిస్తారు. ఇక్కడా కొన్నిచోట్ల చేయిస్తున్నారు, చాలా మంచిది. కానీ ఆ బొమ్మ ఎప్పుడూ ఏసీ గదిలోనే ఉంటుంది. పత్తి చేలో పురుగుల మందు తాగిన పిల్లాడికి విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ మొదటి డోసు పడాల్సింది నల్లగొండలో, బ్యాగ్ నొక్కాల్సింది కుదుపుల మధ్య అంబులెన్స్‌లో. అక్కడ మొదటి గంట పోతే, ఇక్కడ మేం ఎంత చదివినా దాన్ని వెనక్కి తేలేం.

మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి, బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. కాబట్టి ప్రతి ఫెలోకూ ఒక నెల జిల్లా ఆస్పత్రి క్యాజువాలిటీలో పోస్టింగ్ వేయాలి, కనీసం పది ట్రిప్పులు అంబులెన్స్‌లో పంపాలి. అక్కడి నర్సమ్మలకు మనం నేర్పాలి, తేలు కాటు గురించి వాళ్ల దగ్గర మనం నేర్చుకోవాలి.