మొజాంబిక్ రైతులు యుద్ధం అయ్యాక కర్రపెండలమే ఎందుకు పట్టుకున్నారు

1992 అక్టోబర్ 4న రోమ్‌లో శాంతి ఒప్పందం మీద సంతకాలు అయ్యాయి, మొజాంబిక్‌లో ఫ్రెలిమో పార్టీ ప్రభుత్వానికీ రెనామో తిరుగుబాటుదారులకీ మధ్య 1977 నుంచి నడుస్తున్న యుద్ధం ఆగింది. సుమారు పది లక్షలమంది పోయారు, ఇంకో 17 లక్షలమంది పక్క దేశాలకి పారిపోయారు, అందులో పది లక్షల పైనే ఒక్క మలావీలో ఉన్నారు. శాంతి వచ్చింది, భూమి ఉంది, అయినా చాలా కుటుంబాలు డబ్బొచ్చే పంట జోలికి పెద్దగా పోకుండా కర్రపెండలం, మొక్కజొన్నతోనే సరిపెట్టుకున్నాయి. దీన్ని చూసి వాళ్ళకి తెలీక అనేస్తారు గానీ అది తెలీకపోవడం కాదు, బాగా తెలిసి వేసుకున్న లెక్క.

ఆ లెక్క యుద్ధం కంటే పాతది. 1938 నుంచి అప్పట్లో దేశాన్ని ఏలుతున్న పోర్చుగీసువాళ్ళు బలవంతంగా పత్తి వేయించారు, కంపెనీ చెప్పిన రేటుకి కంపెనీకే అమ్మాలి, తిండి పంటకి టైమ్ మిగలక ఇళ్ళల్లో ఆకలి. 1961లో గానీ అది రద్దు కాలేదు. 1975లో స్వాతంత్ర్యం వచ్చాక కొత్త ప్రభుత్వం సామూహిక గ్రామాలంటూ జనాన్ని ఒకచోటికి చేర్చింది, చాలామందికి సొంత చేను దూరమైపోయింది. అంటే అమ్ముకునే పంట వేయమని పైనుంచి ఎవరు చెప్పినా నమ్మడానికి వాళ్ళకి కారణమేమీ లేదు.

ఇక యుద్ధంలో గాదెలు తగలబెట్టారు, రోడ్లూ వంతెనలూ పేల్చేశారు, సరుకు కొనే ఊరి కొట్లు మూతబడ్డాయి. 1980ల మొదట్లో పదమూడు పద్నాలుగు లక్షలున్న పశువులు యుద్ధం అయ్యేసరికి రెండున్నర లక్షలకి పడిపోయాయి. పశువుని తోలుకుపోవచ్చు, గాదెని దోచుకోవచ్చు, కర్రపెండలం దుంప మాత్రం నెలలకొద్దీ నేలలోనే ఉంటుంది, ఆకలేసినప్పుడు తవ్వుకోవచ్చు, పారిపోవాల్సొస్తే వదిలేసి వెళ్ళి మళ్ళీ వచ్చాక చూసుకోవచ్చు. అంతకంటే సేఫ్ పొదుపు ఆ పరిస్థితుల్లో ఇంకేముంది చెప్పండి!

తిరిగి రావడం కూడా ఒక్కసారిగా జరగలేదు. ఇంట్లో ఒకరిద్దరు ముందు వచ్చి చేను చూసి విత్తనం వేస్తే మిగతావాళ్ళు రేషన్ ఆగిపోకుండా శరణార్థుల క్యాంపులోనే ఉండేవాళ్ళు, పంట చేతికొచ్చాక కదిలేవాళ్ళు. ఇవి మోసాలు కాదు, రెండు వైపులా తిండి పోకుండా చూసుకోవడం. పైగా మందుపాతరలు, ఏ దారి మంచిదో తెలీకుండా దూరం చేలకి ఎవరు పోతారు? దేశాన్ని మందుపాతరలు లేనిదిగా ప్రకటించింది 2015లో.

కొన్ని మంచి పనులూ జరిగాయి. 1997 భూమి చట్టం పదేళ్ళు సాగులో ఉంటే కాగితం లేకపోయినా హక్కు ఒప్పుకుంది, ఇరుగుపొరుగు సాక్ష్యం చాలు అంది. కానీ అదే టైమ్‌లో జీడిపప్పు విషయంలో దెబ్బ తగిలింది. ప్రపంచ బ్యాంకు ఒత్తిడితో ముడి జీడిపిక్కల ఎగుమతి పన్ను తగ్గించారు, పిక్కలు ఎక్కువగా ఇండియాకి పోయాయి, మొజాంబిక్‌లోని జీడి ఫ్యాక్టరీలు మూతబడి వేలమంది రోడ్డున పడ్డారు. జీడి మొక్క కాపుకి రావడానికి కొన్నేళ్ళు పడుతుంది, ఆ కొన్నేళ్ళ మీద నమ్మకం ఉన్నవాడే నాటతాడు.

2017 అక్టోబర్‌లో దేశానికి ఉత్తరాన ఉన్న కాబో డెల్గాడో ప్రాంతంలో మళ్ళీ దాడులు మొదలయ్యాయి, లక్షలమంది ఇళ్ళొదిలి పోయారు. ఇప్పుడు తిరిగొస్తున్న కుటుంబాలకి సాయం చేసేవాళ్ళు ముందు అడగాల్సింది ఏ పంటకి ఎక్కువ లాభం అని కాదు, మళ్ళీ పరిగెత్తాల్సొస్తే ఏది మిగులుతుంది అని.