మూడో కుప్ప

చి. వెన్నెలకు, నీతో పాటు అట్టలు పట్టుకుని నడిచిన నీ జట్టు అందరికీ తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ నేను, అమ్మమ్మ క్షేమం. కార్తీకం వెళ్ళిపోయినా గుంటూరుకు చలి ఇంకా దారి కనుక్కోలేదు.

మొన్న విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర, హత్యకు గురైన ఆ పిల్ల కోసం మీరు కొవ్వొత్తులతో నడిచిన ఫొటో మీ అమ్మ పంపింది. నీ చేతిలోని అట్ట మీద ఎర్ర రంగుతో 'హంతకుణ్ని ఉరి తీయాలి' అని ఉంది. అక్షరాలు గుండ్రంగా, తప్పు లేకుండా రాశావు. ఆ రాత్రే ఫోను చేసి, "తాతయ్యా, ఉరి తీసే ఆయన ఆ రోజు ఇంటికి వెళ్ళి అన్నం తింటాడా?" అని అడిగావు. 'ఆయన' అన్నావు, 'వాడు' అనలేదు. "పొద్దుపోయింది, పడుకో తల్లీ" అన్నాను. అది జవాబు కాదని నీకూ తెలుసు. వారం రోజులుగా ఆ ప్రశ్న నా కంచం పక్కనే వచ్చి కూర్చుంటోంది.

ముందు మిరపకాయల సంగతి చెబుతాను. నవ్వకు.

మా ఊరు ప్రత్తిపాడు దగ్గర. చిన్నప్పుడు సంక్రాంతి దాటితే బడి ఎగ్గొట్టి కల్లం దగ్గరే ఉండేవాళ్ళం. నేల కనిపించకుండా ఎర్రగా కాయలు ఆరబోసి ఉండేవి. ముక్కుకు గుడ్డ కట్టుకుని ఆడవాళ్ళు వరసగా కూర్చుని తాలు ఏరేవాళ్ళు. తాలు అంటే రంగు పోయి తెల్లబారిన కాయ. మంచి కాయ ఒక కుప్ప, తాలు ఒక కుప్ప. ఏరడం చూడటానికి తేలికే. గంట గడిచాక మాత్రం కళ్ళు మోసం చేస్తాయి. మిట్టమధ్యాహ్నం ఎండలో ఎరుపు కూడా వెలిసినట్టే కనిపిస్తుంది. నేను గబగబా ఇటొకటి అటొకటి విసురుతుంటే సుబ్బమ్మ మామ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. తన మోకాలి పక్కన ఇంకో చిన్న కుప్ప చూపించింది. "తేలనిది ఇక్కడ పెట్టు. మంచి కాయ తాలులో పడిందంటే దాన్ని మళ్ళీ ఎవరూ వెతకరు" అంది. మర్నాడు పొద్దున్నే, కళ్ళు తేటగా ఉన్నప్పుడు, ఆ మూడో కుప్ప మళ్ళీ ఏరేవాళ్ళం.

మన చట్టంలోనూ ఇలాంటి కుప్ప ఒకటి ఉంది. సెషన్సు జడ్జి ఉరిశిక్ష వేసినంత మాత్రాన ఉరి తీయడానికి వీల్లేదు. హైకోర్టు ఆ కాగితాలన్నీ మళ్ళీ చదివి ఖాయం చేయాలి. మనకిప్పుడు ఆ హైకోర్టు మీకూ మాకూ మధ్య, నేలపాడులోనే ఉంది. ఆ పైన సుప్రీంకోర్టు. అక్కడా కాదంటే గవర్నరుకో రాష్ట్రపతికో క్షమాభిక్ష అర్జీ పెట్టుకోవచ్చు. రాష్ట్రపతి తోసిపుచ్చినా, ఆ కబురు ఖైదీకి అందాక 14 రోజులు గడవనిదే ఉరి తీయకూడదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. హత్య చేసినవాడికి మామూలుగా వేయవలసింది యావజ్జీవ శిక్ష అనీ, ఉరి అత్యంత అరుదైన కేసులకే అనీ 1980లో బచన్ సింగ్ కేసులో తేల్చింది. నేరం చేసేనాటికి 18 ఏళ్ళు నిండనివాళ్ళకు ఉరి లేనే లేదు. చూశావా, ఎన్నిసార్లు ఏరుతున్నారో!

ఇంకో సంగతి. తాలుకూ మిర్చి యార్డులో ధర ఉంటుంది. మంచి కాయకు వచ్చినంత రాదు, అయినా పారేయరు. దానికీ టిక్కీ, అంటే బస్తా, కడతారు, దానికీ కొనేవాళ్ళు ఉంటారు. కాబట్టి మనిషి కూడా... అని రాయబోతుంటే నీ గొంతు వినిపించింది: "తాతయ్యా, కాయ ఎవరినీ చంపలేదుగా!" నిజమే. నా పోలికకు ఇక్కడ తొడిమ ఊడింది. మనుషుల దగ్గరికే వస్తాను.

1993 మార్చి 8న హైదరాబాద్ నుంచి చిలకలూరిపేట వస్తున్న ఆర్టీసీ బస్సును దోచుకుందామని ఇద్దరు కుర్రాళ్ళు ఎక్కారు. బస్సులో పెట్రోలు చల్లారు. నిప్పంటుకుంది. 23 మంది కాలిపోయారు. ఆ రోజుల్లో ఈ ఊళ్ళో ఎవరిని కదిలించినా అదే మాట. టీ కొట్టు దగ్గర నేనూ అన్నాను, ఉరి తీయాలని. నీ అట్ట మీద ఉన్న మాటే.

ఇక్కడ సుబ్బమ్మ మామ్మ కుప్ప పనికిరాదు. ఎవరు చేశారన్న అనుమానం లేదు. 1995లో గుంటూరు సెషన్సు కోర్టు ఉరి వేసింది, 1996లో సుప్రీంకోర్టు సరే అంది. 1997 మార్చిలో ఉరికి తేదీ కూడా పెట్టారు. ఆఖరి ఘడియలో అది ఆగింది. ఆగకముందు, ఆ ఇద్దరినీ బతకనివ్వమని రాష్ట్రపతికి పంపే అర్జీ పట్టుకుని మా వీధిలో ఒకాయన ఇంటింటికీ తిరిగాడు. మా అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగాడు. కాగితం నా చేతిలో పెట్టాడు. "పోయిన 23 మంది సంతకాలు ఎవరు తెస్తారు?" అని అడిగాను. ఆయన తల దించుకుని, "తేలేమండీ" అన్నాడు. అంతకు మించి వాదించలేదు. కాగితం తిరిగి ఇచ్చేశాను, సంతకం పెట్టకుండా. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ ఆ శిక్షను యావజ్జీవంగా మార్చారు. పేపర్లో ఆ వార్త చదివి నేను ఊపిరి పీల్చుకున్నాను. సంతకం పెట్టనివాడికి ఆ ఊపిరి ఎందుకో, ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

గాంధీగారిని చంపిన గాడ్సేను ఉరి తీయవద్దని ఆయన కొడుకులు మణిలాల్, రామదాస్ అడిగారు. అయినా 1949 నవంబరు 15న ఉరి తీశారు. తండ్రిని పోగొట్టుకున్నవాళ్ళకు ఆ నోరు ఎలా వచ్చిందా అని ఆలోచిస్తుంటాను. మీ అమ్మకో నీకో ఏదైనా జరిగితే నాకు ఆ నోరు రాదు. ఆ మాట నీ దగ్గర దాచను. నీ కోపం తప్పు కాదు తల్లీ. చచ్చిపోయిన పిల్ల గురించి కోపం రానివాళ్ళతో నాకు పని లేదు.

అయితే కోపం ఒకటి, ఉరి ఒకటి. ఉరి కోపంలో జరిగేది కాదు. తేదీ పెడతారు. ఖైదీ బరువు తూచి, దాన్నిబట్టి ఎంత లోతుకు పడాలో లెక్క కడతారు. డాక్టరు పక్కనే నిలబడతాడు. అంత తీరిగ్గా, మన అందరి పేరు మీద, ఇంకొకాయన చేత చేయిస్తాం. అక్కడే నా మనసు ఒప్పదు. వయసు మీద పడి మెత్తబడ్డానని మీ అమ్మ అంటుంది. అయ్యుండవచ్చు.

ఇక నీ ప్రశ్న. నేను కోర్టులో టైపిస్టుగా పనిచేశానని నీకు తెలుసు. ఉరిశిక్ష రాశాక జడ్జిగారు పాళీ విరగ్గొడతారని అందరూ చెప్పుకుంటారు. టైపు మిషనుకు పాళీ ఉండదు. ఒకే ఒక్కసారి, వేరే ఊళ్ళో, వేరే కేసులో, 'మెడకు ఉరి వేసి ప్రాణం పోయేదాకా' అనే ఆ వాక్యం ఇంగ్లీషులో నేను టైపు చేశాను. కార్బన్ కాపీలో ఒక అక్షరం తప్పు పడితే పేజీ అంతా మళ్ళీ కొట్టాను. బయట వరండాలో ఒకే బెంచీ మీద ఇద్దరు ముసలమ్మలు కూర్చుని ఉన్నారు. ఒకామె చచ్చిపోయినవాడి తల్లి, ఒకామె చంపినవాడి తల్లి. ఎవరు ఎవరో బంట్రోతు చెబితేగానీ నాకు తెలియలేదు.

ఉరి తీసే ఆయన సంగతి నాకు తెలియదు. ఆ మధ్యాహ్నం నేను మాత్రం తిన్నాను. మీ అమ్మమ్మ గోంగూర పచ్చడి పెట్టింది. రెండోసారి కూడా కలుపుకున్నాను. తర్వాత హైకోర్టు ఆ శిక్షను తగ్గించింది. ఆ సంగతి తెలిసిన రోజు రాత్రి ముద్ద దిగలేదు. ఇది ఎందుకు ఇలా జరిగిందో నీకు విడమరచి చెప్పే తెలివి నాకు లేదు.

సంక్రాంతి సెలవులకు మీ జట్టునంతా తీసుకురా. రెండు రోజులు ముందుగా వస్తే కోర్టుకు తీసుకెళ్తాను. వెనక బెంచీలో చప్పుడు చేయకుండా కూర్చోవాలి. పండుగ వెళ్ళాక మా ఊరి కల్లం చూద్దాం. ఇప్పటికీ చేత్తోనే ఏరుతున్నారు. నీకూ ఒక కుప్ప ఇమ్మంటాను. పాత బట్టలు తెచ్చుకో. కాయలు ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కునేదాకా కళ్ళు మాత్రం నలుపుకోకు.

మీ తాతయ్య